మోకు కట్టిన మనిషి

చిన్నకొండపల్లి,
గుడియాత్తం తాలూకా,
12-10-2009.

చెల్లెలు కాంతమ్మకు,

దేవరాజులు అన్న రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ పవిత్రా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఐదున్నర ఏండ్ల తర్వాత నీకు ఉత్తరం రాస్తున్నాను. అడ్రసు బావ తమ్ముడు గుణశేఖర్ దగ్గర అడిగి తీసుకున్నాను. ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. పోయిన ఉగాదికి చేశాను. పవిత్ర పరీక్ష పాసయిందని తెలిసినప్పుడు చేశాను. రెండుసార్లూ ‘అమ్మా’ అన్నాను, అంతే. నిన్ను తప్పు పట్టడం లేదు. ఉత్తరమైతే చించే ముందు ఒక్కసారైనా చదువుతావేమోనని ఆశ.

తెలుగులో రాస్తున్నందుకు ఇంకో కారణం కూడా ఉంది. మా విజయ్ తమిళం, ఇంగ్లీషు చదువుతాడు. తెలుగు మాట్లాడతాడు కానీ అక్షరం రాదు. మీ వదిన జయకు సంతకమే రాదు. సుబ్బరాయులు అయ్యవారు తన ఇంటి అరుగు మీద మనిద్దరికీ పలక పట్టించకపోయి ఉంటే ఈ ఊళ్లో తెలుగు రాసేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. ఆయన పోయి తొమ్మిదేండ్లయింది. ఇక్కడ మాట్లాడితే నలుగురి చెవిన పడుతుంది. రాస్తే నీ ఒక్కదానికే తెలుస్తుంది.

ఈ ఏడు మోర్ధానా నుంచి నీళ్లు వదిలారు. కౌండిన్యలో ఇరవై రోజులు నీళ్లు పారాయి. నది చూడటానికి జనం పనులు మానుకుని వచ్చారు. రెండెకరాలు వరి నాటాము. వదినకు మోకాలి నొప్పి, బస్సు మెట్లు ఎక్కలేకపోతోంది. విజయ్ ఆంబూరులో చెప్పుల కంపెనీకి పోయి వస్తున్నాడు. ఇంటికి రాగానే ముందు కొట్టంలోకే పోతాడు. ఒక కోడెను మూడేండ్లుగా సాకుతున్నాడు. నేను అడ్డం చెప్పలేదు.

ఇంకో సంగతి. వీధిలో ఒక్కొక్క ఎద్దునే పరుగుకు విడిచే మన పండుగకు ఇన్నాళ్లూ కోర్టులు ఒకసారి వద్దంటూ, ఒకసారి సరేనంటూ వచ్చాయి కదా. ఇప్పుడు చట్టమే వచ్చింది. కలెక్టర్ రాతపూర్వకంగా అనుమతి ఇస్తే జరుపుకోవచ్చు. మన గంగమ్మ తిరునాళ్ల కోసం కమిటీ వేశారు, నన్ను పెద్దగా ఉండమన్నారు.

ఒక్క ముక్క రాస్తే చాలు, అందిందని.

నీ అన్న,
దేవరాజులు

*

సత్తువాచారి, వేలూరు,
30-10-2009.

అన్నకు,

కాంతమ్మ నమస్కారాలు.

ఉత్తరం మూడు రోజులు తెరవలేదు. బియ్యం డబ్బా మీద పెట్టి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ నీ అక్షరాలు చూసుకున్నాను. నువ్వు ‘క’కు తలకట్టు ఇప్పటికీ అంత పొడుగ్గానే పెడతావు. పవిత్ర తిప్పి తిప్పి చూసి, “ఏందిమ్మా ఇది, జిలేబీలు సుట్టినట్టు ఉండాది, ఎవురు రాసినారు?” అని అడిగింది. ఊరి నుంచి అన్నాను. మామ అని చెప్పలేదు. తర్వాత తనే అర్థం చేసుకుంది. పవిత్రది నర్సు చదువు ఆఖరి ఏడు.

కౌండిన్యలో నీళ్లు పారాయని రాశావు. ఆ రోజు నాకు పని మీద మనసు నిలవలేదు. నీళ్లు తగ్గాక ఇసుకలో చెలమ తీస్తే ముందు ఎర్రగా ఊరి, రెండు చిప్పలు తోడేస్తే తేటపడుతుంది కదా. ఆ రుచి నా నోట్లోకి వచ్చింది. ఇక్కడ లారీలో వచ్చే నీళ్లకు పైపుల వాసన. వేలూరు కొండల మీద పచ్చని చెట్టు ఒకటి కనిపిస్తే దాన్నే చూస్తూ ఉంటాను.

ఊరు చాలా పెరిగింది. ఆస్పత్రికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే రోగుల కోసం వీధికి నాలుగు లాడ్జీలు కడుతున్నారు. నాకు పనికి లోటు లేదు. బాగానే ఉన్నాను.

వదిన మోకాలికి ఆవనూనె కాచి రుద్దమను. మన ఇంటి వెనక సీతాఫలం చెట్టు ఉందా? విజయ్ ఎంత ఎత్తయ్యాడు? ఊళ్లో మనుషులను ఒక్కొక్కరినే తలుచుకుంటూ పడుకుంటాను. కొందరి పేర్లు గుర్తు రావడం లేదు, ముఖాలు మాత్రం వస్తాయి. ఇంత దూరం ముప్పై అయిదు కిలోమీటర్లేనని బస్సు టికెట్టు మీద ఉంటుంది.

నువ్వు రాసినందుకు సంతోషం. మళ్లీ రాయి.

కాంతమ్మ

*

చిన్నకొండపల్లి,
18-11-2009.

చెల్లెలు కాంతమ్మకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పొలానికి పోయి చదివాను. సీతాఫలం చెట్టు ఉంది, ఈసారి కాయ చిన్నది. విజయ్ నాకంటే జానెడు ఎత్తు.

ఒక విషయం రాయాలి. నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా రాయక తప్పడం లేదు.

కమిటీ అర్జీ కలెక్టర్ ఆఫీసుకు పోయింది. అక్కడ గుమాస్తా పాత ఫైలు తీసి, ఈ ఊరి పండుగ మీద 2005లోనే ఒక ఆక్షేపణ ఉందన్నాడట. అది నువ్వు ఇచ్చింది. భర్త చనిపోయాడు, సరిగా విచారణ జరగలేదు, ఈ ఊరికి అనుమతి ఇవ్వవద్దు అని. ఆ కాగితం ఉండగా మా అర్జీ ముందుకు పోదట. డిసెంబరు పదిహేడో తేదీ గుడియాత్తం తాలూకా ఆఫీసులో తాసిల్దారు విచారణ పెట్టారు. నువ్వు ఆక్షేపణ వెనక్కు తీసుకుంటున్నట్టు ఒక్క సంతకం పెడితే చాలంటున్నారు.

ఊరి పరిస్థితి నీకు తెలియాలి. మూడేండ్లుగా సరిగా పండుగ జరగక, పరుగు ఎద్దులను సాకేవాళ్లు విసిగిపోయారు. దుక్కికి ట్రాక్టర్లు వచ్చేశాయి. పరుగూ లేక, దుక్కీ లేక ఎద్దును ఎవరు ఉంచుకుంటారు? సంతకు తోలితే అవి ఎక్కడికి పోతాయో నీకు చెప్పనక్కరలేదు. మన వీధిలో పదకొండు ఉండేవి, ఇప్పుడు నాలుగు. విజయ్ తన కోడెను ఎక్కడ అమ్మాల్సి వస్తుందోనని దిగులుపడుతున్నాడు. పండుగ లేదని గంగమ్మకు కోపం వచ్చిందనీ, దానికి కారణం మన ఇల్లేననీ అనేవాళ్లున్నారు.

జరిగింది జరిగిపోయింది. బావను తెచ్చుకోలేము. సంతకం సంగతి ఆలోచించు. కాగితం జతచేశాను.

నీ అన్న,
దేవరాజులు

*

వేలూరు,
25-11-2009.

శ్రీ దేవరాజులు గారికి,

మీ ఉత్తరం, దానితో కాగితం అందాయి.

మొదటి ఉత్తరం ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. నదిలో నీళ్లు, వదిన మోకాలు, అయ్యవారు, అన్నీ ఈ కాగితం కోసమే. నేను పిచ్చిదానిలా మూడు రోజులు మీ చేతిరాత చూసుకున్నాను.

నేను బాగానే ఉన్నానని రాశాను. అది అబద్ధం. నేను సిమెంటు తట్ట మోస్తున్నాను. ఆయన మేస్త్రిగా నిలబడి కట్టించిన లాడ్జీల పక్కన కొత్త లాడ్జీలకు మూడో అంతస్తు వరకు మోస్తాను. ఆయన కింద పనిచేసిన వాళ్లే ఇప్పుడు నన్ను పనికి పిలుస్తారు. కొందరు ఇంకా ‘మేస్త్రి పెండ్లాం’ అని తక్కువ బరువు పెడతారు. మీ పరువు పోతుందని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మేస్త్రి కొడుక్కి పిల్లనివ్వనని నాయన మొండికేసినప్పుడు, “రామసామి నాకు తెల్సు నాయనా, నా చెల్లెల్ని బాగా చూసుకుంటాడు” అని నిలబడింది మీరే. అది నేను మరిచిపోలేదు. అందుకే ఎక్కువ నొప్పి.

ఒక మాట ఐదున్నర ఏండ్లుగా నాలోనే పెట్టుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను. మా ఆయన తాగి దడి దూకి ఎద్దులు పరిగెత్తే వీధిలోకి పోయాడని మీరందరూ చెప్పారు, పోలీసులు అదే రాసుకున్నారు. పవిత్ర పుట్టిన నాటి నుంచి ఆయన తాగలేదు. ఆ సంగతి మీకు తెలుసు. ఇంటికి తెచ్చిన తర్వాత ఆయన చేతులు నేను కడిగాను. రెండు అరచేతుల్లో కొబ్బరి తాడు ఒరుసుకున్న గీతలు. గోళ్లలో పీచు. ఎడమ చెయ్యి పిడికిలి విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

తాగి దూకిన మనిషి చేతిలో పీచు ఎందుకుంది?

దీనికి జవాబు రాయండి. తర్వాత సంతకం సంగతి.

కాంతమ్మ

*

చిన్నకొండపల్లి,
1-12-2009.

చెల్లెలికి,

నువ్వు తట్ట మోస్తున్నావని ఇప్పుడే తెలిసింది. మీ వదినకు చెప్పాను, ఏడ్చింది. వెంటనే ఇద్దరూ ఊరికి వచ్చేయండి. నీ భాగం పొలం నీదే.

నువ్వు అడిగినది పాత సంగతి. ఆ రోజు గందరగోళంలో ఎవరు ఎక్కడున్నారో ఎవరికి తెలుసు? దడిని పట్టుకుని ఎక్కి ఉంటాడు, పీచు అంటి ఉంటుంది. పదిహేడో తేదీన నువ్వు ఇక్కడిదాకా వచ్చి అలసిపోవద్దు. కాగితం పోస్టులో పంపినా చాలు.

దేవరాజులు

*

వేలూరు,
5-12-2009.

అందింది.

మీ పొలం వద్దు. మీ కాగితం తిరిగి పంపుతున్నాను. పదిహేడో తేదీ నేను తాలూకా ఆఫీసుకు వస్తాను.

కాంతమ్మ

*

చిన్నకొండపల్లి,
9-12-2009.

అమ్మా కాంతమ్మా,

పోయిన ఉత్తరం పోస్టు డబ్బాలో వేసిన క్షణం నుంచే దాన్ని వెనక్కు తీసుకోవాలని ఉంది. ఇది చదువు.

ఆ ఏడు దడి పని నాది. వీధి పొడుగునా సరుగుడు కర్రలు నాటి, అడ్డకర్రలకు కొబ్బరి మోకులు కట్టించింది నేనే. వీధి చివర, ఎద్దులు పరుగు ముగించి మళ్లే చోట, ఎడమవైపు ఒక మోకు సడలిందని నాతో దడి కట్టిన ఏలుమలై పొద్దున్నే చెప్పాడు. సరే అన్నాను. మరిచిపోయాను.

మధ్యాహ్నం నెమిలి నుంచి వచ్చిన ఎద్దు ఒకటి అన్నిటికంటే తక్కువ సెకన్లలో పరిగెత్తి అందరి లెక్కనూ తుడిచేసింది. ఇంకో రెండు ఎద్దుల తర్వాత మన నల్లెద్దు వంతు. నాకు మనసు నిలవలేదు. అప్పుడు బావ వచ్చాడు. సారం కట్టి, ఆ కర్రల మీద మూడంతస్తులు ఎక్కే మనిషికి ఒక ముడి వదులైతే దూరం నుంచే కనిపిస్తుంది కదా.

“బావా, ఆ మోకు సడలిపోయుండాది. పిల్లోళ్లు ఆ కర్రలకే ఆనుకోని నిలబడుకోనుండారు. లోపలికి దిగి కట్టేసి వస్తా. అంతదాకా ఎద్దును ఇడవొద్దు,” అన్నాడు.

“సరే బావా, పో,” అన్నాను.

ఆయన దిగాడు. పిల్లలను జరగమన్నా వెనక జనం తోసుకుంటున్నారు, జరగలేకపోయారు. అంతలో మైకులో మన ఎద్దు నంబరు పిలిచారు. ఇంకోసారి పిలిచారు. మూడోసారికి విడవకపోతే వంతు పోతుంది. నేను వీధి చివరి దాకా చూశాను. బావ వీపు కనిపించింది, వంగి ముడి వేస్తున్నాడు. ఎద్దు అక్కడికి చేరేలోపు ఎక్కేస్తాడులే అనుకున్నాను. అనుకున్నానని కూడా చెప్పలేను. ఎద్దునే తలుచుకున్నాను.

“ఇడు,” అన్నాను.

ఆయన ముడి పూర్తి చేశాడు కాంతమ్మా. వెనక్కు తిరిగి ఎక్కడానికి ఆయనకు సమయం లేకపోయింది. ఎద్దు ఆయనను దడికేసి కొట్టినా ఆ దడి పడలేదు. వెనక ఉన్న పిల్లల్లో ఒక్కరికీ గీత పడలేదు. నేను పరుగెత్తి పోయేసరికి మోకు పట్టుకునే ఉన్నాడు. పీచు అదే.

పోలీసులు అడిగినప్పుడు ఎవరో ‘తాగి దూకినాడు’ అన్నారని, నేను ఊరికే ఉండిపోయానని ఇన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు కూడా అలాగే రాయబోయాను. కాదు. అన్నది నేనే. పండుగ ఆగిపోతుందనీ, జైలుకు పోతాననీ భయపడి అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు అదే పట్టుకున్నారు. నల్లెద్దును ఆ వారమే సంతకు తోలేశాను. ఆ రోజు నుంచి ఆ వీధిలో చివరిదాకా నడవలేదు, గుడికి పక్క దారిన పోతాను.

పదిహేడో తేదీన తాసిల్దారు ముందు ఇదే చెప్తాను. నువ్వు సంతకం పెట్టినా, పెట్టకపోయినా.

నన్ను అన్న అని రాయకపోయినా సరే. ‘గారు’ అని మాత్రం రాయవద్దు.

దేవరాజులు

*

వేలూరు,
21-12-2009.

అన్నకు,

పదిహేడో తేదీ నేను వచ్చాను. నీకు కనిపించలేదు, వరండా చివర స్తంభం వెనక నిలబడ్డాను. నువ్వు గేటులోంచి వస్తుంటే నేను మొదట నాయన అనుకున్నాను. అదే నడక, అదే భుజం మీద తువ్వాలు. నాయన చనిపోయాడన్న సంగతి ఆ క్షణం నాకు గుర్తు లేదు. ఎదురు రాబోయాను. దగ్గరికి వచ్చాక నీ తల చూశాను. ఐదేండ్లలో అంత తెల్లబడిందా?

తాసిల్దారమ్మ మీ అర్జీ చదివింది. గతంలో ప్రమాదాలు జరిగాయా అన్న చోట లేదని రాసి ఉంది. అది దిద్దాలని నువ్వు అన్నావు. కమిటీ వాళ్లతో వచ్చిన ఏలుమలై నీ చొక్కా పట్టి లాగాడు. నువ్వు ఆగలేదు. తమిళంలో మొదలుపెట్టి, మధ్యలో నీకు తెలియకుండానే తెలుగులోకి వచ్చేశావు.

“ఆయన తాగలా సామీ. సడలిన మోకు కట్టేదానికి దిగినాడు. నేనే పొమ్మన్నాను. ఆయన పైకెక్కకముందే ఎద్దును ఇడవమన్నదీ నేనే,” అన్నావు.

అక్కడున్న గుమాస్తా దాన్ని తమిళంలో చెప్పాడు. ఇది రాసుకుంటే మీ మీద కేసు రావచ్చు, తెలుసా అని ఆవిడ అడిగింది. రాసుకోండి అన్నావు. బయటికి వచ్చాక ఏలుమలై ఏడుపు గొంతుతో, “మూడేండ్లు తిరిగి తెచ్చుకునింది ఒక్క మాటతో చెరిపేసినావు గదన్నా,” అన్నాడు. నువ్వు చెప్పులు వేసుకోవడం మరిచి బస్టాండు దాకా పోయి, తిరిగి వచ్చావు. అప్పుడైనా పిలుద్దామనుకున్నాను.

నిన్ను క్షమించానని రాయలేను. రాస్తే అది కూడా అబద్ధమవుతుంది. ‘ఇడు’ అన్న నీ మాట నాకు పని చేసేటప్పుడు కూడా వినిపిస్తోంది. తట్ట ఎత్తేవాడు ‘ఇడు’ అంటే ఉలిక్కిపడుతున్నాను. కానీ ఆయన చేతులు కడిగిన నాటి నుంచి నన్ను తొలిచింది ఆయన చావొక్కటే కాదు. ఆయన ఎలా చచ్చాడో తెలియకపోవడం. ఇప్పుడు తెలిసింది. పవిత్రను కూర్చోబెట్టి నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. “నాయన ముడి వేసేసినాడా?” అని అడిగింది. వేసినాడు అన్నాను. అది ఏడవలేదు. తర్వాత, ఎన్నేండ్లుగానో కాలేజీలో నాన్న ఎట్లా పోయాడని అడిగితే జ్వరంతో అని చెప్తున్నానంది. తాగి పోయాడని చెప్పలేక.

ఈ రోజు పొద్దున కలెక్టర్ ఆఫీసుకు పోయి సంతకం పెట్టాను. నీ కోసం కాదు, నీ కమిటీ కోసం కాదు. పండుగ వస్తే నెల ముందు నుంచీ ఆయన నిద్రపోయేవాడు కాదు. ఎద్దు కొమ్ములకు రంగు వేయడానికి వేలూరు నుంచి పని మానుకుని వచ్చేవాడు. ఉన్న ఎద్దులు కూడా సంతకు పోవడం ఆయనకు ఇష్టముండదు. కాగితంలో ఒకటే షరతు రాశాను. ఆ ఊరి పేరున ఇచ్చే అనుమతి ఫైలులో ఆయన ఎట్లా చనిపోయాడో సరిగ్గా రాయాలని.

కాంతమ్మ

*

చిన్నకొండపల్లి,
15-2-2010.

చెల్లెలు కాంతమ్మకు,

అనుమతి వచ్చింది. ఈ నెల ఇరవై ఒకటి, ఆదివారం. వీధికి రెండు పక్కలా రెండేసి దడులు కట్టాలి, మధ్యలో మనిషి నడిచేంత ఖాళీ ఉండాలి. ప్రతి ఎద్దునూ పశువుల డాక్టరు చూడాలి. అంబులెన్సు ఉండాలి. పరుగు జరుగుతుండగా ఎవరూ వీధి దాటకూడదు, దాటితే అక్కడితో ఆపేస్తారు. అందరం సంతకాలు పెట్టాము.

తాసిల్దారు విచారణ కాగితానికి జెరాక్సు తీయించి పంపుతున్నాను. రెండో పేజీలో గీత గీసిన చోట చూడు. ‘రామసామి, కట్టడ మేస్త్రి. సడలిన కంచెను ప్రజల క్షేమం కోసం కడుతుండగా మరణించారు. మద్యం సేవించారన్న పాత వాంగ్మూలం తప్పు’ అని ఉంది. తమిళంలో ఉంది కాబట్టి పవిత్ర తనే చదువుకోగలదు.

నన్ను కమిటీ పెద్దగా తీసేశారు. అది న్యాయమే. పోలీసులు రెండుసార్లు పిలిచి అడిగారు. అదే చెప్పాను. కేసు ఉంటుందో లేదో తెలియదు. విజయ్ పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు వచ్చి, ఈ ఏడు తన కోడెను విడవనన్నాడు. నేను బలవంతం చేయలేదు. వంతు లేకపోయినా దాన్ని అమ్మడట.

కమిటీని ఒక్కటే అడిగాను. వీధి చివర ఎడమవైపు దడి కట్టే పని నాకివ్వమని. ముందు ఒప్పుకోలేదు, తర్వాత ఇచ్చారు. నిన్న ఆరేండ్ల తర్వాత ఆ చోటికి నడిచాను. ముడులన్నీ రెండుసార్లు లాగి చూశాను.

రమ్మని రాయడానికి నాకు నోరు లేదు. వేలూరు నుంచి ఉదయం ఆరున్నరకు మన ఊరి మీదుగా ఒక బస్సు పోతోంది ఇప్పుడు. ఊరికే తెలియజేస్తున్నాను.

అన్న,
దేవరాజులు

*

వేలూరు,
23-2-2010.

అన్నకు,

ఆదివారం బస్సు ఆరున్నరకే వచ్చింది. పవిత్రకు డ్యూటీ, అందుకని ఒక్కదాన్నే ఎక్కాను. గుడియాత్తం దాటే వరకు తిరిగి వెళ్లిపోదామనే అనుకుంటూ కూర్చున్నాను. ఊరి దగ్గర డప్పులు వినిపించాయి. దిగేశాను.

ఎవరూ గుర్తుపట్టకూడదని కొంగు తల మీదికి లాక్కుని వీధి చివరికి పోయాను. ఆ చోటు చూడాలనిపించింది, కానీ నువ్వు ఆ పక్కనే ఉంటావని కుడివైపు దడి వెనక నిలబడ్డాను. మొదటి ఎద్దు పోయాక దుమ్ము అణిగింది. ఎదురుగా నువ్వు కనిపించావు. ఒక చెయ్యి మోకు మీద పెట్టుకుని, వంగి ముడి చూస్తున్నావు. తల ఎత్తావు. నన్ను చూశావు.

మన మధ్య ఉన్నది ఇరవై అడుగుల వీధి. ఎద్దు తర్వాత ఎద్దు పోతూనే ఉంది. ఒక్కో ఎద్దు పోయినప్పుడల్లా దుమ్ములో నువ్వు మాయమై మళ్లీ కనిపించేవాడివి. ప్రతిసారీ, ఈసారి ఉండవేమోనని భయపడ్డాను. నువ్వు కదల్లేదు. తువ్వాలు జారి కింద పడితే కూడా వంగి తీసుకోలేదు. రెండున్నర గంటలు. చుట్టూ అందరూ ఎద్దులను చూస్తున్నారు. నేను ఎన్ని ఎద్దులు పోయాయో చెప్పలేను.

ఎద్దులు బాగా పరిగెత్తాయి. ఆయన ఉంటే ఒక్కొక్కదాని పేరూ, ఊరూ చెప్పేవాడు. నేను అక్కడ ఏడుస్తాననుకున్నాను. దడి కర్రను పట్టుకుని ఊపి చూశాను. గట్టిగా ఉంది. ఏడుపు రాలేదు. ఆయన పక్కన ఉంటే బాగుండునని మాత్రం అనిపించింది. ఆ పండుగలో, ఆ ఎండలో, చేతికి రంగు అంటించుకుని.

ఆఖరి ఎద్దు పోయిందని మైకులో చెప్పగానే జనం వీధిలోకి దిగారు. నువ్వు కనిపించలేదు. రావేమో అనుకున్నాను. వచ్చావు. నీ కన్నుల్లో దుమ్ము. ఇద్దరం నిలబడ్డాము. చివరికి నువ్వు, “తిన్నావామ్మా?” అన్నావు.

“తినింటి,” అన్నాను. బస్సు వస్తోందన్నాను. వదినను కూడా చూడకుండా వచ్చేశాను. బస్సు మలుపు తిరిగే వరకు నువ్వు రోడ్డు మీదే ఉన్నావు.

అన్నా, నేను తినలేదు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. అలా ఎందుకు చెప్పానో తెలియదు. ఇంకొకసారి వస్తాను, అప్పుడు మళ్లీ అడుగు.

కాంతమ్మ